కొట్టేసిన రెండు మాటలు

వదిన ఆ నోటీసును ఎవరినీ చించనివ్వలేదు.

"ముట్టుకోవద్దు" అంది. "ముందు చదవండి. చదివి నాకు అర్థమయ్యేలా చెప్పండి. ఆ తర్వాత చింపుకుంటారో, దండం పెట్టుకుంటారో మీ ఇష్టం."

మంగళవారం పొద్దున్న ఏడు గంటలు. చేలో మోటారు గది తలుపు మీద కాగితం అంటించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. కింది అంచు నుంచి ఒక చుక్క జారి గడియ మీద ఆగింది. వదిన తలుపుకు ఎదురుగా ఖాళీ ఎరువుల సంచి పరుచుకుని కూర్చుంది. ఎవరో లాక్కుపోతారన్నట్టు పార ఒళ్ళో పెట్టుకుంది.

అన్నయ్య పోయి అప్పటికి అరవై మూడు రోజులు. పనిగట్టుకుని లెక్కపెట్టలేదు. బళ్ళో రోజూ బోర్డు మీద తేదీ వేసేవాణ్ణి నేనే గనక తెలుస్తుంది.

"చదువు బాబాయ్" అంది అన్నయ్య కూతురు. ఇంజను ఆపింది గాని ట్రాక్టరు దిగలేదు. ఆ రోజు విత్తనం వేయాలి. వెనక గొర్రు కట్టే ఉంది.

నేను చదివాను. క్లాసులో పాఠం చదివినట్టే చదివాను, నాకు వేరేలా రాదు.

"ఈ సర్వే నంబరులోని అయిదెకరాల మెరక భూమిలో ఇసుక, కంకర తవ్వకమునకు, భూ యజమాని సమ్మతితో, దరఖాస్తు అందినది. అభ్యంతరములు గలవారు గురువారం ఉదయం పదకొండు గంటలకు ప్రణాళికా సంఘం ఎదుట హాజరు కావలెను."

వదిన చెయ్యెత్తింది. "మధ్యలో ఏదో అన్నావు. మళ్ళీ చదువు."

"భూ యజమాని సమ్మతితో."

"యజమాని అంటే?"

"అన్నయ్యే వదినా."

"సమ్మతి అంటే?"

"ఒప్పుకోవడం."

"ఆ మాత్రం నాకూ తెలుసు మాస్టారూ. ఎప్పుడు ఒప్పుకున్నాడు? ఎవరితో ఒప్పుకున్నాడు? ఇంట్లో ఒక మనిషి ఉందని గుర్తుండే ఒప్పుకున్నాడా? అది రాశారా అందులో?"

వదిన నన్ను మాస్టారూ అని పిలిచిందంటే కోపంగా ఉన్నట్టు. ఇరవై రెండేళ్ళలో నాలుగైదు సార్లు పిలిచి ఉంటుంది.

"రాయలేదు" అన్నాను.

"నీతో చెప్పాడా?"

చేను చుట్టూ ఎర్ర రంగు పూసిన కర్రలు పాతి ఉన్నాయి. నాలుగు మూలలా ఉన్నాయి, మధ్యలో కూడా ఉన్నాయి. నేను వాటి వెంట చూస్తూ తూర్పు మూల దాకా వెళ్ళి అక్కడ ఆగాను. అక్కడ మా మెరక ఉంది. మనిషి నడుమంత ఎత్తున, అరెకరం మేర, మూపురంలాగా లేచి ఉంటుంది. ఒకప్పుడు ఏరు అటునుంచి పారిందట. జానెడు మట్టి తీస్తే కింద అంతా గుండ్రటి కంకర. మోటారు నీళ్ళు దాని మీదికి ఎక్కవు. అన్నయ్య ఇరవై ఏళ్ళు దానితో పోట్లాడాడు. "మీ వదిన తర్వాత ఈ చేలో నా మాట విననిది ఇదొక్కటే" అనేవాడు.

ఆ ఒక్క మూపురాన్ని కంకర తవ్వే కంపెనీవాళ్ళ చేత తీయించి, చేను చదును చేయించి, వదినను తీసుకొచ్చి చూపించాలని ఆయన అనుకున్నాడు. చెప్పవద్దని నాతో అన్నాడు. అది నాకు తెలుసు. నాకు తెలిసింది ఒక మూల సంగతి. కర్రలు నాలుగు మూలలా ఉన్నాయి. నాలుగు మూలల సంగతి నాకు తెలియదు గనక, "తెలియదు వదినా" అన్నాను.

అబద్ధం కాదనుకున్నాను. ఇప్పటికీ దాన్ని ఏమనాలో తేల్చుకోలేకపోతున్నాను.

పక్క చేను పెద్దాయన గట్టు మీదుగా వచ్చాడు. ఆయన్ని అందరూ చెవిటాయన అంటారు. తనకు కావలసినవి మాత్రం వినబడతాయని మా వదిన అంటుంది.

"మీ చేలో అరవై అడుగులు తవ్వితే నా బావిలో కప్ప కూడా మిగలదు" అన్నాడు వస్తూనే. "ఏమ్మా, మీ ఆయన నాతో అననే అన్నాడు."

వదిన లేచి నిలబడింది. "ఏమన్నాడు?"

"ఆ?"

"ఏమన్నాడూ అని!"

"ఇచ్చేస్తున్నాను అన్నాడు. ఇక్కడే, ఈ గట్టు మీదే."

"ఏది ఇచ్చేస్తున్నాను అన్నాడు తాతా?" అని ట్రాక్టరు మీద నుంచి అరిచింది అన్నయ్య కూతురు. "మెరకా? చేనా?"

"అదే నాకూ సరిగ్గా వినబడలేదు" అన్నాడు ఆయన. "మోటారు తిరుగుతోంది."

ఎవరూ నవ్వలేదు. వదిన పార తీసుకుని ఇంటిదారి పట్టింది. తడవ తడవకూ ఒక ఎర్ర కర్ర దగ్గర ఆగుతోంది. పీకేస్తుందేమోనని చూశాను. పీకలేదు. ఊరికే ముట్టుకుని ముందుకు పోతోంది.

ఆ రోజు విత్తనం పడలేదు.

*

బుధవారం సెలవు పెట్టి ప్లానింగ్ ఆఫీసుకు వెళ్ళాను. అన్నయ్య కూతురు ట్రాక్టరు మీదే తీసుకెళ్ళింది. కార్ల మధ్య దాన్ని ఆపుతుంటే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఇది ఇక్కడ పెట్టకూడదు."

"మా చేలో మీ కర్రలు పెట్టచ్చా?" అంది. వాచ్‌మన్‌కు ఏమీ అర్థం కాక నావైపు చూశాడు. నేను తల దించుకుని లోపలికి నడిచాను.

ఫైళ్ళు చూసే గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడింది.

"నమస్కారం సార్. గుర్తుపట్టారా? కిటికీ పక్కన మూడో బెంచీ."

"గుర్తుంది. వాక్యానికి రెండు 'మరియు'లు పెట్టేదానివి."

"ఇక్కడ జీతం ఇచ్చేదే వాటికి సార్" అని నవ్వి, అన్నయ్య సంగతి గుర్తొచ్చినట్టుంది, నవ్వు ఆపి కుర్చీ జరిపింది.

ఫైలు తెచ్చింది. మొదట పటం. మా చేను మొత్తం గులాబీ రంగులో ఉంది. తూర్పు మూలన ఏ గుర్తూ లేదు. పటంలో ఎత్తుపల్లాలు కనబడవు కదా. తర్వాత సమ్మతి పత్రం. టైపు చేసిన నాలుగు వరుసలు, కింద అన్నయ్య సంతకం. చివరి అక్షరం తోక పైకి లేచి ఉంది. ఆయన ఎప్పుడూ అలాగే పెడతాడు. పెట్టేవాడు.

అన్నయ్య కూతురు వేలు పెట్టి చదివింది. "మా మెరక తీసుకోవడానికి నాకు సమ్మతమే." తలెత్తింది. "సరిగ్గానే ఉంది కదా! మెరక అనే రాశాడు నాన్న. మరి చేనంతా ఎందుకు రంగు పూశారు?"

"చేనంతా మెరకే కదండీ" అంది గుమాస్తా.

"ఎవరన్నారు?"

"రికార్డు. కాలువ నీళ్ళు అందే భూమి పల్లం. అందనిది మెరక. మీ అయిదెకరాలూ మెరక కిందే ఉన్నాయి. 'మా మెరక' అంటే మేం ఈ అయిదెకరాలే అనుకుంటాం."

"మా ఇంట్లో మెరక అంటే మూలనున్న దిబ్బండీ. చిన్నప్పుడు దాని మీద నుంచి జారి నేను పన్ను విరగ్గొట్టుకున్నాను. ఇదిగో" అని పెదవి ఎత్తి చూపించింది.

గుమాస్తా ఆ పన్నును నిజంగానే చూసింది. పాపం, మంచి పిల్ల. "నేను నమ్ముతాను. కాని కాగితంలో ఏ మెరకో లేదు. తూర్పు అనో, మూల అనో ఒక్క మాట పడి ఉంటే సరిపోయేది."

నా చేతిలో ఉన్న కళ్ళజోడు బల్ల మీద పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను.

"మీరే చెప్పేవారు కదా సార్" అంది గుమాస్తా, నన్ను ఓదార్చడానికే అనుకుంటాను, "రాసింది చదవాలి, రాయనిది ఊహించకూడదు అని. సంఘంలో పెద్దవాళ్ళు కూడా రేపు అలాగే చదువుతారు. ఒకటే దారి ఉంది. టైపుకు ఇచ్చేముందు చేత్తో రాసుకున్న చిత్తు ఏమైనా ఉంటే తీసుకురండి. అందులో వేరేలా ఉంటే పొరపాటు పడిందని అడగొచ్చు. సంతకం చేసినాయన లేరు కనక అదే సాక్ష్యం."

తిరుగుదారిలో నేను చక్రం మీది రేకు పట్టుకుని కూర్చున్నాను. ఇంజను చప్పుడులో మాట్లాడనవసరం లేదని ధైర్యం. చేను మలుపు దగ్గర ఆమె ఇంజను ఆపేసింది.

"చిత్తు ఎవరు రాశారు బాబాయ్?"

"నాన్నే రాశాడు."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చూశావా, దిద్దావా?"

దారి పక్కన ఎవరో సైకిలు గొలుసు సరిచేసుకుంటున్నారు. ఆ పని అయ్యేదాకా అటే చూశాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఇంజను మాత్రం అవసరం కన్నా గట్టిగా స్టార్ట్ చేసింది.

*

వదిన మధ్యాహ్నానికి ఇల్లంతా వెతికేసింది. చిత్తు కోసం కాదు. చిత్తు సంగతి ఆమెకు తెలియదు. ఇంకేమేం దాచాడో చూద్దామని వెతికింది. అన్నయ్య పెట్టె, చొక్కా జేబులు, టార్చి వెనక బ్యాటరీల అర, అన్నీ. దొరికినవి అరుగు మీద వరుసగా పెట్టింది: ఒక స్పానరు, విత్తనాల కంపెనీ కాలెండరు ముక్క, రెండు మాత్రలు, కూతురు చిన్నప్పటి ఫొటో. ఆయన చొక్కాలన్నీ దుప్పటిలో మూటకట్టి గుమ్మం దగ్గర పెట్టింది.

"ఇవి ఎవరికైనా ఇచ్చేసెయ్" అంది నాతో. "నా కళ్ళముందు వద్దు."

"వదినా..."

"ఆయన్ని వెనకేసుకు రావద్దు. నాకు చెప్పకుండా గోళ్ళు కూడా తీసుకునేవాడు కాదు, తెలుసా? మందు ఏది కొట్టాలి, తాడు ఏ రంగుది కొనాలి, అన్నీ అడిగేవాడు. విసుక్కునేదాన్ని. ఇప్పుడు తెలిసింది. చిన్నవి అడిగి పెద్దది దాచాడు."

"అలా అయ్యుండదు."

"మరెలా అయ్యుంటుంది? చెప్పు. నువ్వు మాటలు తెలిసినవాడివి కదా, ఇంకోలా చెప్పు చూద్దాం."

చెప్పడానికి నోరు తెరిచాను. ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాను. ఆలోగా ఆమె కంచం పెట్టింది.

నేను పెళ్ళి చేసుకోలేదు. ముందుగదిలో నా పుస్తకాలూ నేనూ ఉంటాం. వంటింట్లో గోడ పక్క పీట నాది. అన్నయ్య పెళ్ళయిన రోజు నుంచి వదిన చేతి భోజనమే. ఆ రోజు కూడా గరిటెతో కూర వేసి, "ఇంకొంచెం వెయ్యనా?" అంది.

నేను చెయ్యి ఊపాను.

"ఇదొకటి!" అని గరిటె గిన్నెలో పడేసింది. "ఆ చెయ్యి ఊపుడు మానవా? వెయ్యమనా, చాలనా, అవతలికి పొమ్మనా? పిల్లలు ఎలా పాసవుతున్నారో నీ దగ్గర!" తిడుతూనే ఇంకో గరిటె వేసింది. ఎప్పుడూ అంతే.

నేను తిన్నాను. ఎదురుగా అన్నయ్య పీట గోడకు నిలబెట్టి ఉంది.

చేతులు కడుక్కుని వస్తుంటే అన్నయ్య కూతురు నా గది గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"అమ్మ ఇల్లంతా వెతికింది బాబాయ్. ఈ ఒక్క గదీ తప్ప."

"నా గదిలో ఏముంటుంది?"

"నాన్న కరెంటు బిల్లు కూడా నీకిచ్చే దాచమనేవాడు." కాస్త ఆగి, "నేను అమ్మతో ఏమీ అనలేదు" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం బడి పిల్లలు ఇళ్ళకు పోయే వేళకు దొరికింది. నిఘంటువులో 'మ' దగ్గర ఉంది. అన్నయ్య ఎక్కడ పెట్టాలో ఆలోచించే పెట్టాడనుకుంటాను, మెరక అని. అలాంటి చిన్న చిన్న తెలివితేటలు ఆయనకు చాలా ఇష్టం.

గీతల కాగితం. ఆయన రాత నాగలి సాలులా వంకరగా, లోతుగా ఉంటుంది. "మా తూర్పు మూల మెరక తీసుకోవడానికి నాకు సమ్మతమే." అందులో 'తూర్పు మూల' అన్న రెండు మాటల మీద ఎర్ర గీత. పక్కన మార్జిన్‌లో ఎర్ర సిరాతోనే 'అనవసరం' అని ఉంది. కింద ఒక టిక్కు. తేదీ.

ఆ అక్షరాలు నావి.

ఆ రోజు గుర్తొచ్చింది. నలభై రెండు నోటుపుస్తకాలు దిద్దాలి. అన్నయ్య ఈ కాగితం తెచ్చి దొంతర మీద పెట్టాడు. పై పుస్తకంతో పాటు దీన్నీ దిద్దాను. మాకున్నది ఒకటే మెరక, అది తూర్పు మూలనే ఉంది, మళ్ళీ చెప్పడం ఎందుకు అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నదే. ఉన్నదాన్ని రెండుసార్లు చెప్పకండి.

ఆ ఎర్ర గీత కింద పెన్సిలుతో ఇంకో వరుస ఉంది. అది నేను అంతకుముందు చూడలేదు. చూశానేమో. చూడలేదనే అనుకుంటున్నాను. అన్నయ్య రాత.

"తీసేస్తే ఫర్వాలేదా తమ్ముడూ?"

కిటికీ దగ్గర కూర్చుని ఆ వరుసను చాలాసేపు చూశాను. చివర ప్రశ్నార్థకం కూడా పెట్టాడు. ఆయన మామూలుగా పెట్టడు. మరిచిపోతాడు. నేను ఎన్నోసార్లు నవ్వాను.

వంటింట్లో వదిన గిన్నెలు తోముతున్న చప్పుడు. లేచి గుమ్మం దాకా వెళ్ళాను. చొక్కాల మూట అడ్డంగా ఉంది. దాన్ని దాటలేక అక్కడే నిలబడ్డాను. మూటను తీసి నా గదిలోకి తెచ్చి మంచం కింద పెట్టాను. ఆ రోజు నేను చేయగలిగింది అంతే.

*

గురువారం పదకొండు గంటలకు హాల్లో ఇరవై మంది ఉన్నారు. ఇనప కుర్చీలు. పైన ఫ్యాను ఒక రెక్క వదులై తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది. వదిన ముందు వరుసలో కూర్చుంది, పక్కన కూతురు. నేను వెనక, చెవిటాయన పక్కన. చొక్కా జేబులో చిత్తు. ఇంట్లో చెప్పలేదు. దారిలోనైనా చెబుదామనుకున్నాను, దారి చిన్నదైపోయింది.

సంఘం అధ్యక్షురాలు మందుల షాపు నడుపుతుంది. చీటీలో రాసినదాని కన్నా ఒక్క మాత్ర కూడా ఎక్కువ ఇవ్వదని ఆమెకు పేరు. సమ్మతి పత్రం చదివి, కళ్ళజోడు మీది నుంచి చూసింది.

"అభ్యంతరం ఎవరిది?"

"నాది" అని లేచింది వదిన. "నేను ఆయన భార్యని. నాకు చెప్పకుండా ఇచ్చాడు. నేను ఒప్పుకోను."

"మీకు చెప్పకపోవడం మీ ఇంటి విషయం అమ్మా. భూమి ఆయన పేరున ఉన్నప్పుడు ఆయన సంతకం చెల్లుతుంది. ఆయన ఇవ్వాలనుకున్నది వేరు, కాగితంలో పడింది వేరు అని మీరు చూపించగలరా?"

వదిన కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆమె వెన్ను నాకు కనబడుతోంది. నిటారుగా ఉంది. చూపించగలనని ఆమె ఎలా అంటుంది? ఆయన దాచాడనే కదా ఆమె నమ్ముతోంది. ఆ నమ్మకం తప్పని తెలిసిన మనిషి గదిలో ఒక్కడే.

లేచి నడిచాను. కాగితం బల్ల మీద పెట్టాను.

"ఇది మా అన్నయ్య రాసుకున్న చిత్తు."

అధ్యక్షురాలు చదివింది. గుమాస్తాకు చూపించింది. తర్వాత కంపెనీ తరఫున వచ్చినాయనకు. ఆయన మర్యాదస్తుడు. ఇస్త్రీ చొక్కా, మెల్లని గొంతు.

"ఇది మాకే బలం అండీ" అన్నాడు. "ముందు తూర్పు మూల అని రాశారు. తర్వాత ఆ మాటలు కొట్టేశారు. పైగా అనవసరం అని కూడా రాసుకున్నారు. అంటే మూల ఒక్కటీ కాదు, మొత్తం ఇద్దామని ఆలోచించుకునే కదా?"

హాల్లో గుసగుస. చెవిటాయన పక్కవాణ్ణి, "ఏమన్నాడు?" అని అడుగుతున్నాడు.

"కొట్టేసింది ఆయన కాదు" అన్నాను. "నేను."

ఫ్యాను రెండుసార్లు టక్కుమంది.

"మీరా? ఎందుకు?" అంది అధ్యక్షురాలు.

"ఎక్కువగా ఉన్నాయనిపించింది. మాటలు."

ఎవరో నవ్వారు. గుమాస్తా తల దించుకుంది. వదిన వెనక్కి తిరిగి చూడలేదు, కాని ఆమె భుజాలు కదిలాయి. అన్నయ్య కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. వదిన విడిపించుకుంది.

"ఈ పెన్సిలు రాత?"

"మా అన్నయ్యది."

అధ్యక్షురాలు పైకి చదివింది. "తీసేస్తే ఫర్వాలేదా తమ్ముడూ." ఆమె గొంతులో ఆ మాటలు కొత్తగా ఉన్నాయి. అన్నయ్య ఇంకొంచెం సాగదీసి అంటాడు.

"జాగ్రత్తగా వినండి మాస్టారూ. దీనికి మీరేం జవాబిచ్చారు? ఫర్వాలేదని మీరు అని ఉంటే, ఆయన మీ మాట నమ్మి సంతకం చేశారు. అప్పుడది పొరపాటు. సమ్మతి రద్దు చేసి మళ్ళీ మొదటి నుంచి చూస్తాం. మీరు అలా అనకపోతే, అనుమానం వచ్చి కూడా ఆయన తనంతట తానే సంతకం చేసినట్టు. అప్పుడు ఈ అయిదెకరాలూ పోతాయి. అందుకని ఆలోచించి, జరిగిందే చెప్పండి."

అన్నాననేస్తే అయిపోయేది. మూడు అక్షరాల మాట. కాని జరిగిందే చెప్పమంది ఆమె. జరిగింది ఏమిటి?

అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు. చేతిలో కాగితం. ఏదో అన్నాడు. నేను ఇరవయ్యో పుస్తకంలో ఉన్నాను. తలెత్తలేదు, చెయ్యి మాత్రం కదిపాను. ఆయన ఒక క్షణం ఆగాడు. తర్వాత చెప్పుల చప్పుడు. అంతే ఉంది నా దగ్గర.

"నోటితో ఏమీ అనలేదండీ" అన్నాను. "చెయ్యి ఊపాను."

"ఊపారా? ఎలా?"

ఊపి చూపించాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలు వచ్చి ఏదైనా అడిగితే పుస్తకంలోంచి తలెత్తకుండా ఊపినట్టే.

"అంటే ఏమిటి అర్థం? ఫర్వాలేదనా? వద్దనా? తర్వాత రమ్మనా?"

"నాకు తెలియదు."

"మీ చెయ్యి అర్థం మీకే తెలియదా?"

"తెలిస్తే చెప్పేవాణ్ణి."

"ఏమన్నాడు?" అన్నాడు చెవిటాయన. "చెయ్యి ఊపాడట" అని ఎవరో గట్టిగా చెప్పారు. "ఆ, అది ఎప్పుడూ ఊపుతాడు" అన్నాడు ఆయన.

కంపెనీ మనిషి చిన్నగా దగ్గాడు. "దీన్ని సాక్ష్యం అనలేం కదండీ" అన్నాడు. అధ్యక్షురాలు పెన్ను మూత తీసింది. ఏదో రాయబోయింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. వదిన లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఎవరినీ అడగకుండా ఆ కాగితం తీసుకుంది. ఎర్ర గీతను చూసింది. అనవసరం అన్న మాట చూసింది. పెన్సిలు రాత దగ్గర ఆమె బొటనవేలు ఆగింది, అక్షరాల మీద కాదు, పక్కన, చెరిగిపోతాయని భయపడ్డట్టు. చాలాసేపు చదివింది. ఆరేడు మాటలు కూడా లేవు అందులో.

"తూర్పు మూల అని రాశాడు" అంది, ఎవరితోనూ కాదు. "మూలే రాశాడు."

కాగితం బల్ల మీద పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆ చెయ్యి సంగతి మా మరిదిని అడిగితే తెలియదండీ" అంది. "ఇరవై రెండేళ్ళుగా దాని ముందు గరిటె పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. నన్నడగండి."

అధ్యక్షురాలు పెన్ను కాగితానికి ఆనించింది. "చెప్పండమ్మా. ఏమిటి దాని అర్థం?"

హాల్లోకి వచ్చాక మొదటిసారి వదిన నావైపు చూసింది. కోపమో కాదో నాకు తెలియలేదు. మాస్టారూ అంటుందో, మరిదీ అంటుందో తెలియలేదు.

నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉందని అప్పుడు చూసుకున్నాను.